తిరుగుడు పెట్టెకు ఓటు

పదహారేళ్ల నుంచి పప్పులో ఉప్పు సరిపోయిందా అని కూడా అడగని కంపెనీ, ఉన్నట్టుండి ఒక శుక్రవారం మధ్యాహ్నం "మీ ఇష్టమేమిటో చెప్పండి" అని అడిగేసరికి హన్మాండ్లు ఎత్తిన ముద్దను కంచంలో పెట్టేశాడు.

అడిగినవాడు కాలేషా. అరబ్బు దేశంలో, సులై అనే చోట గోదాముల వెనక ఉన్న ఆ లేబర్ క్యాంపుకు ఇన్‌ఛార్జి అతనే. కడప జిల్లా మనిషి. మాట మెత్తన, నడక మెత్తన, నవ్వు అంతకంటే మెత్తన. ఎవరు ఏ మంచం మీద పడుకోవాలో, ఎవరు ఏ సైటు బస్సెక్కాలో, ఆ దేశంలో తిరగనిచ్చే ఇఖామా కార్డు ఎవరిది ముందు రెన్యూవల్‌కు పోవాలో అన్నీ అతని చేతిలోనే ఉంటాయి. అలాంటివాడు మెస్సు మధ్యలో పెళ్లిపెద్దలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమప్పా, ఒక మాట. ఆ మిషను ఈడ ఉండాల్నా, వద్దా అనేది నేను చెప్పను. కంపెనీ గూడా చెప్పదు. మీరే ఓటేసుకొని తేల్చుకోండి. వచ్చే శుక్రారం. ఎక్కువమంది ఏమంటే అదే," అన్నాడు.

మిషను మెస్సు మూలన టార్పాలిన్ కప్పుకుని ఉంది. పిల్లల ఆటస్థలాలకు మిషన్లు బాగుచేసే వర్క్‌షాపు ఒకటి క్యాంపుకు దగ్గర్లోనే ఉంది. అక్కడి వాళ్లే ఏదో పాతదాన్ని తిరగేసి మరగేసి ఇలా తయారుచేసి పికప్పులో తెచ్చి దించి పోయారు. రియాలు బిళ్ల వేసి పక్కనున్న పిడి గుంజితే మూడు బొమ్మలు గిర్రున తిరిగి ఆగుతాయి. మూడూ ఒక్కటే అయితే కింద గిన్నెలో బిళ్లలు రాలతాయి. కాకపోతే వేసిన బిళ్ల దానికి నైవేద్యం. క్యాంపువాళ్లు దానికి తిరుగుడు పెట్టె అని పేరు పెట్టారు. ఆ దేశంలో జూదమంటే ఎంత పెద్ద తప్పో వాళ్లలో ఎరగనివాడు లేడు. అయినా చీకటి పడితే చాలు టార్పాలిన్ తీసి వరస కట్టేవారు.

హన్మాండ్లు కూడా ఒకసారి బిళ్ల వేశాడు. ఆశకు కాదు, దాని సంగతేమిటో చూద్దామని. మూడు నిమ్మకాయలు వరసగా ఆగి గిన్నె నిండా బిళ్లలు రాలాయి. పక్కవాళ్లు ఈల వేశారు. అతను మాత్రం ఆ బిళ్లలను అక్కడే వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఓడినవాడికి అనుమానం రావడం ఎక్కడైనా ఉన్నదే. గెలిచి అనుమానపడేవాడు హన్మాండ్లు ఒక్కడే.

అతని అనుమానానికి కారణం లేకపోలేదు. అప్పటికి కొన్నేళ్లుగా ఆ దేశంలో నితాకత్ నడుస్తోంది. ఇంతమంది బయటివాళ్లను పెట్టుకుంటే ఇంతమంది సొంత దేశస్తులకు కొలువు ఇవ్వాలని సర్కారు లెక్క. లెక్క కుదిరిన కంపెనీ ఆకుపచ్చలో ఉంటుంది. కుదరని కంపెనీ ఎర్రలో పడుతుంది. ఎర్రలో పడితే ఇఖామాలు రెన్యూవల్ కావు. దాని మీద మనిషికింత అని లెవీ, అదీ ఏడాదికేడాది పెరిగే లెవీ. వీళ్ల మెయింటెనెన్స్ కంపెనీ ఎర్రలో పడి చాలాకాలమైంది. క్యాంపులో నూటికి తొంభైమంది కార్డులు చచ్చిపోయాయి. సైటు బస్సు దాటి బయట అడుగుపెడితే పోలీసు చెకింగ్ భయం. శుక్రవారం బత్తా బజారుకు పోయి నాలుగు ఊరిమొహాలు చూసే భాగ్యం కూడా లేదు. అలా కట్టేసిన మనుషుల ముందుకు బొమ్మలు తిరిగే పెట్టె వస్తే ఎవరు కాదంటారు?

హన్మాండ్లుది మెట్‌పల్లి దిక్కు. పైపుల పని. అతనికిప్పుడు కావలసింది ఒక్కటే: మర్యాదగా ఇంటికి పోవాలి. పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ పడాలి, పదహారేళ్ల సర్వీసు పైసలు చేతికి రావాలి, భార్య ముత్యవ్వ ముందు తలెత్తుకుని నిలబడాలి. నర్సింలు పోయినట్టు పోకూడదు. నర్సింలు అతని మంచం కింద మంచంవాడే. ఇంకెక్కడో పేకాట దగ్గర పట్టుబడి, తర్హీల్ అనే ఆ పంపించే జైల్లో పడి, వేలిముద్రలిచ్చి, కాళ్లకు హవాయి చెప్పులతో విమానమెక్కాడు. సర్వీసు పైసలు కంపెనీ మింగింది. అతని పెట్టె ఇప్పటికీ క్యాంపులోనే ఉంది.

ఆ సాయంత్రం గదిలో బామ్మర్దిని కూర్చోబెట్టి హన్మాండ్లు తన అనుమానమంతా కక్కాడు. నాగేందర్ ముత్యవ్వకు తమ్ముడు, ఏసీ మెకానిక్. ముత్యవ్వ మాట కాదనలేక హన్మాండ్లే కంపెనీలో చెప్పి అతణ్ని రప్పించాడు.

"మనల్ని మామూలుగ పంపాల్నంటె కంపెనీకి మస్తు ఖర్చు. సర్వీసు పైసలియ్యాలె, టికెట్ ఇయ్యాలె, బాకున్న లెవీ కట్టాలె. అదే పోలీసులొచ్చి జూదం ఆడుతున్నరని పట్టుకపోయిండ్రనుకో? మిషను మాది గాదు, మేము పెట్టమన్లేదు, కూలోళ్లే ఓటేసుకొని పెట్టుకున్నరు అంటది కంపెనీ. అందర్ని ఒక్కపారె తర్హీల్‌కు ఎక్కిస్తరు. రూపాయి ఖర్చులేని పని. అందుకే ఓటు అడుగుతుండు. లేకుంటె కాలేషా మనల్ని అడుగుడేందిరా?"

నాగేందర్ చొక్కా మడత పెడుతూ విన్నాడు. "అయితే అయితది బావా. వద్దని ఏద్దాం. గంత మాత్రానికి నెత్తి ఖరాబు చేసుకునుడెందుకు?"

మాట మంచిదే. కానీ ఆ మాట అన్న తీరు హన్మాండ్లుకు నచ్చలేదు. మరీ తొందరగా ఒప్పుకున్నాడు. ఇంకా ఒక సంగతుంది. ఆ గదిలో ఇఖామా రెన్యూవల్ అయింది ఒక్క నాగేందర్‌కే, అదీ ఈమధ్యనే. ఆస్పత్రిలో ఏసీ పని ఉంది, చెల్లే కార్డు లేనిదే గేటు లోపలికి రానివ్వరు, అందుకని కంపెనీ ఎలాగో తంటాలు పడి ఇద్దరు మెకానిక్‌ల కార్డులు చేయించింది అని నాగేందర్ చెప్పాడు. కావచ్చు. మరి కాలేషా అతణ్ని తన కారులో ఎందుకు ఎక్కించుకుపోయాడు? బత్తాలో మండి బిర్యానీ ఎందుకు తినిపించాడు? నిప్పు లేనిదే పొగ రాదు కదా!

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. మర్నాటి నుంచి హన్మాండ్లు బామ్మర్ది ఫోనెత్తితే చెవి నిక్కబొడుచుకున్నాడు. నవ్వితే ఎందుకు నవ్వాడో అనుకున్నాడు. ఒకే గిన్నెలో తినేవాళ్లు, ఇప్పుడు కంచం తీసుకుని మంచం మీదికి పోయి గోడవైపు తిరిగి తిన్నాడు.

"నాతోని మాట్లాడుడు బందువెట్టినవా బావా?" అని అడిగాడు నాగేందర్.

"మాట్లాడెటందుకు నీకు చానమంది దోస్తులైండ్రు గద," అన్నాడు హన్మాండ్లు.

నాగేందర్ ఇంకేదో అనబోయి ఊరుకున్నాడు. అలా ఊరుకోవడం కూడా హన్మాండ్లు లెక్కలో తప్పే అయింది.

ఈలోపు క్యాంపులో ఓటు పండగ మొదలైంది. దానికి పెద్ద సదానందం. తాపీమేస్త్రి, నెరిసిన మీసం, మాట్లాడితే పంచాయితీ చెప్పినట్టే ఉంటుంది. ఆర్మూరు దిక్కున వాళ్ల ఊళ్లో గ్రామాభివృద్ధి కమిటీ మెంబరుగా చేశాడు. ఆ వైపు ఊళ్లలో ఆ కమిటీ ఏమిటో తెలియనివాళ్లుండరు. కులానికో పెద్దమనిషి కూర్చుంటాడు. ఊళ్లో సారా ఎవరు అమ్మాలో, కోడికూర ఎవరు అమ్మాలో వేలం పాట పెడతారు. పాట పైసలతో గుడి కడతారు, బడికి గోడ కడతారు. కమిటీ మాట తప్పినవాడితో ఊళ్లో ఎవరూ మాట్లాడరు, మంగలి గడ్డం గీయడు. క్యాంపులో అందరూ అలాంటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే గనుక గదికో పెద్దమనిషిని పెట్టి కమిటీ చేయడానికి వాళ్లకు ఒక్క పూట కూడా పట్టలేదు.

"మిషను ఉంటె ఉండనియ్యిర్రి," అన్నాడు సదానందం కమిటీ ముందు. "దాని ఆమ్దానీల సగం క్యాంపుకు రావాలె. ఎవ్వలన్న పానం పోతె శవం పంపెటందుకు చందాలెత్తె బాధ తప్పుతది. కాలేషా ఒప్పుకున్నడు. మా ఊర్ల బెల్టుషాపు వేలం పదేండ్లు నా చేతుల మీదికెల్లే అయింది. ఊరంత ఒక్కమాట మీదుంటె ఎవ్వడేం జేసిండు?"

హన్మాండ్లుకు ఒళ్లు మండింది. "అన్నా, గది మన ఊరు. ఆడ ఊరంత ఒక్కటైతె తప్పు గూడ ఒప్పైతది. ఈడ ఊరంత ఒక్కటైతె ఊరంత జైలుకు పోతది."

కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. ఎవరు ఎటున్నారో తెలియలేదు, తెలియనివ్వరు కూడా. కాలేషా మనసులో ఏముందో తేలేవరకు తమ మనసులో ఉన్నది బయటపెట్టడానికి అక్కడ ఎవరూ అంత అమాయకులు కారు. ఎవడి ఇఖామా కాగితం ఎప్పుడు కదులుతుందో కాలేషా చేతిలో ఉందాయె.

ఓటు ఎలా వేయాలన్న దగ్గర గొడవ ముదిరింది. మెస్సులో అందరం కూర్చుని చేతులెత్తితే అయిపోతుంది కదా అన్నాడు కాలేషా. మెస్సు గోడకు కెమెరా ఉంది. ఒకసారి గ్యాసు సిలిండర్లు పోయాయని బిగించారు. అందులో కనపడేది హెడ్డాఫీసులో కూర్చున్నవాళ్లకు కూడా కనపడుతుంది. హన్మాండ్లు చూపు కెమెరా మీదికి పోయింది. అదిగో, ఊరక రారు మహానుభావులు! ఎవరెవరు మిషను కావాలన్నారో మొహాలతో సహా పట్టి పెట్టుకోవడానికే ఈ చేతులెత్తడం అనుకున్నాడు.

"చేతులెత్తుడు వద్దు. ఎవ్వడు ఏమేసిండో ఎవ్వనికి తెల్వకూడదు. కుండల గింజ ఏద్దాం," అని అతను పట్టుపట్టాడు. వంటమనిషి భోజన్న అవునన్నాడు. ఇంకా పదిమంది అవునన్నారు. సదానందానికి కూడా కాదనడానికి కారణం దొరకలేదు. కాలేషా నవ్వి, "మీ ఇష్టమే అంటి గదా," అన్నాడు. శెనగ వేస్తే మిషను ఉండాలని, ఖర్జూరం గింజ వేస్తే పోవాలని తీర్మానం. వంటగది తలుపు వెనక పెద్ద సిల్వరు డేగిసా పెట్టి పైన తువ్వాలు కప్పుతారు. ఒక్కొక్కరికీ భోజన్న గుమ్మం దగ్గర ఒక శెనగ, ఒక గింజ ఇస్తాడు. లోపలికి పోయినవాడు ఒకటి వేసి, ఇంకోటి జేబులో పెట్టుకుని రావాలి.

డేగిసా దగ్గర ఒక మనిషి ఉండాలి కదా, ఎవడన్నా లేవదీసుకుపోకుండా. "నాగేందర్‌ను ఉంచుదాం. నెమ్మదైన పిల్లగాడు," అన్నాడు సదానందం. కాలేషా తల ఊపాడు.

ఆ తల ఊపడంతో హన్మాండ్లుకు మిగిలిన ఒక్క పిసరు నమ్మకం కూడా పోయింది. లేచి నిలబడి అందరి ముందూ అనేశాడు. "వాడు నా బామ్మర్దే. అయినా చెప్తున్న. క్యాంపుల కొత్త ఇఖామా ఎవనికొచ్చింది? కాలేషా కార్ల తిరిగెటోడు ఎవడు? వాన్ని కుండకాడ పెడుతామంటె నాకో షరతున్నది. రేపు ఏదన్న లొల్లి అయితె కుండకాడోని మాట సాక్ష్యం కింద పనికిరాదు. కమిటీ ఒప్పుకుంటనే ఓటు."

నాగేందర్ మొహం చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రబడింది. అక్క మొగుడు, తండ్రిలాంటివాడు, నలభైమంది ముందు తనను అమ్ముడుపోయినవాడన్నాడు. కమిటీ గుసగుసలాడి షరతు ఒప్పుకుంది.

శుక్రవారం వచ్చింది. జుమా నమాజుకు పోయినవాళ్లు తిరిగొచ్చి, అన్నాలు తిన్నాక ఓటు మొదలైంది. హన్మాండ్లు వరసలో ఆఖరికి దగ్గరగా నిలబడ్డాడు. ముందు పోయినవాళ్ల మొహాలు చూస్తున్నాడు. బయటకొస్తూ ఒకడు సదానందం వైపు చూసి నవ్వాడు. వాడు శెనగే. ఇంకొకడు శెనగ నములుతూ వచ్చాడు. వాడు గింజ వేశాడా, లేక నలుగురూ అలా అనుకోవాలని జేబులోంచి వేరే శెనగ తీసి నములుతున్నాడా? లోపల నాగేందర్ ఒక్కడే ఉన్నాడు. స్టోరు తాళం భోజన్న మొలకు ఉంటేనేం, కాలేషా తలుచుకుంటే గుప్పెడు శెనగలు బామ్మర్ది జేబులోకి రావడమెంతసేపు? ఆ గుప్పెడు కుండలో పడితే ఇంతమంది ఓటూ బూడిదలో పోసిన పన్నీరే.

ముల్లును ముల్లుతోనే తీయాలి అనుకున్నాడు హన్మాండ్లు. క్యాంపులో ఖర్జూరం గింజలకేం కరువు? గోడవారన చెత్తబుట్ట నిండా అవే. అతని జేబులో అప్పటికే గుప్పెడు ఉన్నాయి. పొద్దున ఎందుకు వేసుకున్నాడని అడిగితే అతను చెప్పలేడు. వేసుకున్నాడు, అంతే.

వంతు వచ్చింది. భోజన్న ఇచ్చినవి తీసుకుని లోపలికి పోయాడు. ఎవరేది వేశారో చూడకూడదన్న కమిటీ మాట ప్రకారం నాగేందర్ మొహం గోడకు తిప్పుకుని పీట మీద కూర్చున్నాడు. సిల్వరు డేగిసాలో ఒక్క గింజ పడితేనే టంగుమంటుంది. అందుకని హన్మాండ్లు మోచేతి దాకా చెయ్యి లోపలికి దించి, అడుగున ఉన్నవాటి మీద గుప్పెడు మెల్లగా వదిలాడు. అయినా రెండు మూడు జారి గలగలమన్నాయి. నాగేందర్ తల తిప్పి చూశాడు. మోచేతి దాకా కుండలో ఉన్న బావ చేతిని చూశాడు, బావ మొహం చూశాడు. మళ్లీ గోడవైపు తిరిగాడు.

వీడు ఇప్పుడు పోయి కాలేషాకు చెప్తాడు అనుకుంటూ హన్మాండ్లు బయటికొచ్చాడు.

నాగేందర్ ఎవరికీ చెప్పలేదు. డేగిసా మోసుకొచ్చి మెస్సు మధ్యలో పెట్టి ఒక పక్కన నిలబడ్డాడు. భోజన్న, సదానందం కింద పరిచిన గుడ్డ మీద గుమ్మరించి శెనగలు ఒక పక్కకు, గింజలు ఒక పక్కకు తీశారు. శెనగలు పద్దెనిమిది. గింజలు ముప్పైయారు. హన్మాండ్లు పక్కన ఎవడో "పెట్టె పీడ పోయింది" అని చప్పట్లు కొట్టాడు. సదానందం మాత్రం వేళ్లు మడుస్తూ నుదురు ముడిచాడు.

"క్యాంపుల ఉన్నది నలభైముగ్గురం. కుండల యాభైనాలుగెట్లొచ్చినయ్?"

మళ్లీ లెక్కపెట్టారు. మళ్లీ అంతే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు హన్మాండ్లు చెయ్యి తెలియకుండానే జేబు మీదికి పోయింది.

"ఎక్వచ్చినయి పదకొండు గద," అన్నాడు భోజన్న. అతనికి రోజూ ఇంతమందికి ఇన్ని రొట్టెలని లెక్క అలవాటే. "పదకొండుకు పదకొండు గింజలల్లకెల్లి తీసేసినా ఇరవైయైదు మిగుల్తయి. శెనగలు పద్దెనిమిదే. ఎట్ల జూసినా వద్దన్నోళ్లే ఎక్వ."

ఇరవైయైదు! అతను ఒక్క దొంగ గింజ వేయకపోయినా గెలిచే ఓటు అది. శెనగ నములుతూ వచ్చినవాడు నిజంగానే గింజ వేశాడు. నవ్వినవాడు కూడా వేసే ఉంటాడు. ఎవరికీ చెప్పకుండా, ఎవరి మొహమూ చూడకుండా, సగానికి పైగా మనుషులు తమంతట తామే సరైన గింజ వేశారు. కుండలో కాలేషా శెనగ ఒక్కటి కూడా పడలేదు. వాళ్లను నమ్మక కుండను పాడుచేసింది తనొక్కడే. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

కాలేషా అప్పుడు నోరు తెరిచాడు. "భోజన్నా, నీ లెక్క బాగానే ఉండాది. పదకొండు ఎక్కువొచ్చినాయి, అది మనకు కనపడినాది. ఎందరు ఏమీ యేయకుండా వచ్చినారో ఎవురికి తెలుసు? పదిమంది యేయలేదనుకో, దొంగోటు ఇరవైయొకటి. అప్పుడేమంటావ్? ఏం సదానందం, మీ ఊర్లో యాలంలో దొంగపాట పడితే ఏం చేస్తారు?"

సదానందం ఇబ్బందిగా కదిలాడు. అయినా కమిటీ ధర్మం కమిటీ ధర్మమే. "ఆ పాట రద్దు. మల్ల అందరి ముంగట పాడాలె," అన్నాడు.

"అంతేగదా. ఇంగ దాచుకునేది ఏముండాది, చేతులెత్తండి," అన్నాడు కాలేషా.

హన్మాండ్లు ముందుకొచ్చాడు. ఊళ్లో అయితే దొంగోటు వేశానన్న ఒక్క మాటతో జీవితమంతా వెలి. ఇక్కడ కూడా అంతే, ఒకే గదిలో ఒకే బస్సులో ఉంటూ వెలి. అయినా చెప్పకపోతే ఇంటిదారి మూసుకుపోతుంది. అతను అన్నాడు, "కుండ ఖరాబు గాలె. గా పదకొండు గింజలు నావి. నేనే ఏసిన. నావి తీసేసి చూడుర్రి, ఓటు చెల్లుతది."

గుసగుస లేచింది. ఎవడో ఛీ అన్నాడు. సదానందం కళ్లు చిట్లించాడు. "పదకొండే ఏసినవా? లెక్కపెట్టి ఏసినవా?"

"గుప్పెడు ఏసిన."

"గుప్పెడంటె పదకొండని నీకెట్ల ఎరుక?"

కాలేషా జాలిగా తల ఆడించాడు. "గింజలు గెలవాలని వారం నుంచి అరుస్తా ఉండాడు. ఇప్పుడు గింజలు గెలవాలనే ఒప్పుకుంటా ఉండాడు. దొంగతనం చేసినోడు చెప్పిన లెక్క మనం నమ్మాల్నా?"

నిజం చెప్పినా అది ఎత్తులాగే ఉంది. ఒక్క మనిషి మాత్రం ఆ నిజాన్ని నిలబెట్టగలడు. హన్మాండ్లు అతని వైపు తిరిగాడు. "నాగేందరూ, నువ్వు జూసినవ్ గదా. చెప్పు. అందరేసిన సప్పుడు నువ్విన్నవ్. ఒక్కొక్కటే ఏసిండ్రా లేదా? నేనొక్కన్నే గుప్పెడేసిన్నా లేదా? చెప్పు బామ్మర్దీ."

నాగేందర్ నోరు తెరవబోయాడు. సదానందం చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. కుండకాడోని మాట పనికిరాదని షరతు వెట్టింది నువ్వే హన్మాండ్లూ. కమిటీ ఒప్పుకున్నది. నీకోసం షరతు మార్చుడు కుదరదు."

"షరతు నేనే ఎనుకకు తీసుకుంటున్న."

"ఊకో బావా," అన్నాడు నాగేందర్. అతని గొంతులో కోపం లేదు. అదే హన్మాండ్లుకు ఎక్కువ గుచ్చుకుంది. "కాలేషా మనిషి మాట ఎవ్వలు నమ్ముతరు?"

కాలేషా కుర్చీ ఒకటి లాగి కెమెరా కింద వేసుకుని కూర్చున్నాడు. అందరూ తనవైపు తిరిగేట్టు నిలబడమన్నాడు, మొహాలు కనపడాలన్నాడు. "హెడ్డాఫీసులో ఈ నెల కొన్ని ఇఖామాలు కదులుతాయంట. దానికీ దీనికీ ఏం సంబంధం లేదులే. ఊరికే చెప్తాండా. ఇంగ చెప్పండి, మిషను ఉండాలనేవాళ్లు చెయ్యెత్తండి."

మొదట సదానందం చెయ్యి లేచింది. తర్వాత అతని గదివాళ్లవి. ఆ తర్వాత ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ ఒక్కొక్కరే ఎత్తడం మొదలుపెట్టారు. కుండలో గింజ వేసిన ఇరవైయైదుమందిలో ఎవరెవరో హన్మాండ్లుకు తెలియదు. వాళ్ల చేతులు కూడా లేస్తున్నాయని మాత్రం తెలుస్తోంది. చప్పట్లు కొట్టినవాడు ఎత్తాడు. భోజన్న చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుని, తల దించుకుని ఎత్తాడు.

కాలేషా వేలితో గాలిలో లెక్కపెట్టుకుంటూ పోయాడు. "నలభైయొకటి," అన్నాడు. "ఇంగ మీ ఇష్టప్రకారమే అయింది."

హన్మాండ్లు తన చెయ్యి కిందనే ఉంచాడు. నలభైముగ్గురిలో చెయ్యెత్తని ఆ రెండోవాడు ఎవరా అని మెస్సంతా వెతికాడు. డేగిసా పక్కన, తమ గదిలో చెల్లే ఇఖామా ఉన్న ఒకే ఒక్కడు, నాగేందర్, రెండు చేతులూ వెనక కట్టుకుని నిలబడి ఉన్నాడు.